డెల్టా గడ్డికి బూజు ఇచ్చే విలువ

సార్వా కోతలు ముగిసి దాళ్వా నాట్లకు తొందరపడే రోజుల్లో గోదావరి డెల్టాలో సాయంత్రం ప్రయాణిస్తే రోడ్డుకు ఇరువైపులా పొగ కనిపిస్తుంది. కోత యంత్రం చేలో వదిలిన గడ్డిని ఏరి మోయడానికి కూలీలు దొరకరు. రైతును తిట్టి ప్రయోజనం లేదు. ఆ గడ్డిని అడిగి కొనేవాడు ఉంటే నిప్పు పెట్టడు.

అదే రోడ్డు మీద కోళ్ల దాణా లారీలు వెళ్తుంటాయి. దాణా బాగా అరగడానికి అందులో కలిపే జైలనేజ్, ఫైటేజ్ వంటి ఎంజైముల్లో చాలా వాటికి శిలీంధ్రాలే, అంటే బూజుల వంటివే, మూలం. పీచును కరిగించే శిలీంధ్రాలకు మనం కాల్చే గడ్డి మంచి ఆహారం. ఈ రెంటినీ ఇక్కడే కలపాలన్నది నా వాదన.

శిలీంధ్రానికి నోరు, కడుపు ఉండవు. తాను పెరిగే పదార్థం మీదికే ఎంజైములను వదిలి, బయటే అరిగించుకుని, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. మనకు కావలసిన సరుకు దాని ఒంటి బయటే ఉంటుంది కాబట్టి నీటితో కడిగి తీసుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు సామగ్రిని తినేసిన ట్రైకోడెర్మా అనే బూజే తర్వాత, పీచును కరిగించే సెల్యులేజ్ ఎంజైము పరిశ్రమకు ఆధారమైంది. అంతకుముందే, 1894లో, జపాన్‌కు చెందిన తకమినె గోధుమ తవుడు మీద బూజు పెంచి ఎంజైము తీసే పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందారు. మన బియ్యం మిల్లుల తవుడు నుంచి నూనె తీశాక మిగిలేది కూడా అందుకు పనికొస్తుంది. తడిపి, ఆవిరి పట్టి, పళ్లాల్లో పరిచి, బూజు విత్తనం చల్లితే కొన్ని రోజుల్లో పంట సిద్ధమవుతుంది. అసలు కష్టం వేడితో. పెరిగే బూజు తానే వేడి పుట్టిస్తుంది, పొర మందమైతే లోపల తానే చస్తుంది.

గడ్డితోనే మొదలుపెట్టడం మాత్రం తొందరపాటు. దానికి గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్, సిలికా శిలీంధ్రానికి కూడా ఒక పట్టాన కొరుకుడు పడవు. పైగా తేలికైన గడ్డికి రవాణా ఖర్చు ఎక్కువ. అందుకే ముందు పుట్టగొడుగుల షెడ్లవైపు చూడాలి. గడ్డి మీద ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగుల కోతలు అయ్యాక పారేసే బెడ్డులో లిగ్నిన్‌ను విడగొట్టే లాకేజ్ అనే ఎంజైము ఇంకా మిగిలే ఉంటుంది. ఆ జాతికే చెందిన ప్లూరోటస్‌తో కొబ్బరి పీచు పొట్టును ఎరువుగా మార్చే పద్ధతిని కాయర్ బోర్డు ఇప్పటికే అందించింది. కోనసీమకు ఇది దగ్గరి పాఠం.

ఒక భయం న్యాయమైనదే. కోస్తా తేమలో ఏ బూజు పడుతుందో చెప్పలేం. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేరితే అఫ్లటాక్సిన్ విషం దాణాలోకి పోతుంది. కాబట్టి ఎంపిక చేసిన విత్తనం, ప్రతి విడతకూ విషపరీక్ష లేకుండా ఒక్క బస్తా కూడా బయటికి పోకూడదు. పశువుల మేతకు కావలసిన గడ్డిని కూడా దీనికోసం తాకకూడదు. దాణాకు పశువైద్యుల అనుమతి వచ్చేదాకా కాగితపు గుజ్జు వంటి వాడకంతో మొదలుపెట్టవచ్చు. జైలనేజ్ వాడితే గుజ్జును తెల్లబరచడానికి క్లోరిన్ తక్కువ సరిపోతుంది, కాగితపు మిల్లు రాజమహేంద్రవరంలోనే ఉంది.

శుద్ధి చేసిన ఖరీదైన ఎంజైముల ఫ్యాక్టరీ మనకు ఇప్పుడే అక్కర్లేదు. ముడి ఎంజైమును దగ్గరలోనే వాడేలా ఒక మిల్లు, ఒక పుట్టగొడుగుల షెడ్డు, మారుటేరు వరి పరిశోధన కేంద్రం, వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం కలిసి ఒక చిన్న ప్రయోగం చేయాలి. వచ్చే సార్వాలో కోత యంత్రం చేలోకి దిగేలోపు ఆ పళ్లాలు పరిచి ఉండాలి.