గోడ మీద ఒకరు, కౌంటర్‌లో ఇంకొకరు

పొద్దున పదింటికి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల ఏదైనా మెడికల్ షాపు ముందు ఓ పావుగంట నిలబడండి. జనం చీటీలు చాపుతుంటారు, లోపల ఇరవై ఏళ్ల కుర్రాడు ఆ గొలుసు రాతను ఒక్క చూపులో చదివేసి, పై అరలోంచి డబ్బా లాగి, స్ట్రిప్ కత్తిరించి, కవరు మీద పొద్దునకో గీత రాత్రికో గీత గీసి ఇచ్చేస్తుంటాడు. పనిమంతుడే. కానీ గోడ మీద ఫ్రేము కట్టిన ఫార్మసిస్టు సర్టిఫికెట్‌లోని ఫొటో చాలాచోట్ల అతనిది కాదు, దాన్ని షాపుకు అద్దెకిచ్చిన ఇంకొకరిది.

డాక్టర్ చీటీకి మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టేనని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. అమెరికాలో ఫార్మసీ టెక్నీషియన్ అని వేరే కొలువుంది, మన చట్టంలో ఆ మధ్య మెట్టు లేదు. పదేళ్లు కౌంటర్‌లో నిలబడ్డా అనుభవం చూసి ఎవరూ రిజిస్ట్రేషన్ ఇవ్వరు. ఇంటర్‌లో బైపీసీయో ఎంపీసీయో చదివి, కనీసం రెండేళ్ల డీఫార్మసీ డిప్లొమా, ఆపైన 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ పూర్తిచేయాల్సిందే.

గోలీలు తీసివ్వడానికి ఇంత చదువా అనేవాళ్లకు మెథోట్రెక్సేట్ సంగతి చెప్పాలి. కీళ్లవాతానికి రాస్తారు, వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. బీపీ గోలీలా రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. డాక్టర్ చెప్పింది ముసలామె సగమే విని ఉండొచ్చు, కాబట్టి "అమ్మా, ఇది వారానికి ఒక్కసారే, ఏ రోజు వేసుకుంటవు?" అని అడగాల్సిన చివరి మనిషి కౌంటర్‌లో ఉన్నవాడే. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచడం, షెడ్యూల్ హెచ్1 జాబితాలోని మందులు (కొన్ని యాంటీబయాటిక్‌లు, అలవాటుపడే మందుల్లాంటివి) అమ్మితే డాక్టర్ పేరూ రోగి పేరూ రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచడం కూడా ఈ పనిలోవే.

సర్టిఫికెట్‌ను నెలకింతని అద్దెకిచ్చేవాళ్ల మీద మాకు జాలి లేదు. సర్కారు కొలువు కోసం చూస్తున్నామంటారు, నిజమే, 2024లో తెలంగాణలో 633 గ్రేడ్-2 ఫార్మసిస్టు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, మళ్లీ వస్తే చదవండి, రాయండి, కాదన్నదెవరు? అందాకా ఇంట్లో కూర్చుని తీసుకునే ఆ అద్దె మాత్రం కౌంటర్‌లో పన్నెండు గంటలు నిలబడేవాడి జీతంలోంచి కోసిందే. కాకతీయ యూనివర్సిటీ ఫార్మసీ కాలేజీ ఉన్న ఊళ్లో ఈ దందా నడవడం, మొహమాటం లేకుండా చెప్పాలంటే, మనకు సిగ్గుచేటు.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి వెళ్తే ఫ్రేము చూసి సంతకం పెట్టి రాకుండా, ఆ ఫొటోలోని మనిషి ఏడని అడగాలి. షాపు ఓనర్లకు ఒక మాట. మీ దగ్గర చురుకైన ఇంటర్ పిల్లగాడుంటే డీఫార్మసీకి పోతానన్నప్పుడు ఆపకండి, సాయంత్రాలు పని ఇవ్వండి, పాసై వచ్చాక ఇన్నాళ్లూ ఎవరికో కడుతున్న అద్దెను అతని జీతంలో కలపండి.