పెత్తనం ఉంది, పూచీ లేదు

యుద్ధం వస్తే దక్షిణ కొరియా సైన్యం అమెరికన్ జనరల్ నాయకత్వంలోని ఉమ్మడి కమాండ్ చెప్పినట్టు కదలాలి. ఈ అధికారాన్ని 2012లో తిరిగిచ్చేస్తామన్నారు. ఆ గడువును 2015కు జరిపారు. 2014లో గడువే ఎత్తేసి షరతులు పెట్టారు. ఇదంతా ఒక ఉత్తరంతో మొదలైంది. ఉత్తర కొరియాతో యుద్ధం సాగుతుండగా, 1950 జులై 14న దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ తన సేనల అజమాయిషీని అమెరికన్ సేనాని జనరల్ మెకార్థర్‌కు రాసిచ్చారు. ఇప్పటి పోరు సాగినంత కాలమే అని అందులో స్పష్టంగా ఉంది. 1953 జులై 27న పోరు ఆగింది. పెత్తనం ఆగలేదు. శాంతికాలపు అధికారమైనా వెనక్కి రావడానికి 1994 డిసెంబరు దాకా పట్టింది.

సియోల్ చేజారి, దేశమే ఉంటుందో లేదో తెలియని రోజుల్లో ఒకే సేనాని కింద పోరాడక తప్పలేదన్న వాదన ఉంది. కాదనం. కానీ పెత్తనం పుచ్చుకున్నవారు పూచీ ఎందుకు పుచ్చుకోలేదు?

ఆ ఉత్తరానికి రెండు రోజుల ముందే, జులై 12న, దేజాన్‌లో మరో కాగితం చేతులు మారింది. అమెరికా సైనికులు ఏ నేరం చేసినా విచారణ అమెరికా సైనిక కోర్టులదేనని దాని సారాంశం. జులై 26న కొరియాలోని అమెరికా రాయబారి మ్యూచియో వాషింగ్టన్‌లోని విదేశాంగ శాఖ అధికారి డీన్ రస్క్‌కు ఇంకో ఉత్తరం రాశారు. శరణార్థులు అమెరికా శ్రేణుల వైపు వస్తే ముందు హెచ్చరికగా కాల్పులు, అయినా ఆగకపోతే వారిమీదే కాల్పులు అని అందులో ఉంది. పక్షం రోజుల్లో మూడు కాగితాలు! మూడోది రాసిన రోజే దక్షిణ కొరియాలోని నోగున్‌రి దగ్గర రైలు వంతెన కింద తలదాచుకున్న పల్లె జనంపై అమెరికా సైనికుల తూటాలు కురవడం మొదలైంది. దక్షిణ కొరియా ప్రభుత్వం 2005లో నిర్ధారించిన లెక్క ప్రకారమే మృతులు, ఆచూకీ లేనివారు 163 మంది. ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. ఆ కాంక్రీటు గోడలపై తూటా దిగిన ప్రతి గుంటకూ తెల్లరంగుతో గీత చుట్టి ఉంచారు.

ఈ హత్యలు ఉద్దేశపూర్వకం కాదని 2001లో పెంటగాన్ తేల్చింది. అధ్యక్షుడు క్లింటన్ విచారం చెప్పారే తప్ప క్షమాపణ కోరలేదు. మ్యూచియో ఉత్తరం 2006లో బయటపడ్డాక అసలు సంగతి తెలిసింది: దర్యాప్తు అధికారులు దాన్ని ముందే చూశారు, నివేదికలో మాత్రం ఎక్కించలేదు.

1980లో సైనిక పాలనపై తిరగబడ్డ దక్షిణ కొరియా నగరం గ్వాంగ్‌జులోనూ ఇదే తంతు. కొరియా 20వ డివిజన్‌ను వాడుకోవడానికి అమెరికన్ కమాండర్ సమ్మతించారు. జనాన్ని చంపిన ప్రత్యేక దళాల మాటెత్తితే, అవి మా అధీనంలో లేవన్నారు. అధికారమంటే మాది, నెత్తురంటే మాది కాదు!

రీ ప్రభుత్వాన్నీ వెనకేసుకురాలేం. తన సైన్యాన్ని పరాయి జనరల్ చేతిలో పెట్టిన ఈ పెద్దమనిషే, 1953లో యుద్ధఖైదీల కాపలాకు వెళ్లిన భారత సైనికులను తన గడ్డపై కాలు మోపనివ్వలేదు. వారిని హెలికాప్టర్లలో సైన్యరహిత మండలానికి చేర్చాల్సి వచ్చింది. సార్వభౌమత్వం మన జవాన్లను చూశాకే గుర్తొచ్చిందా?

నోగున్‌రి విచారణను వాషింగ్టన్ మళ్లీ తెరవాలి, ఆ రోజుల సైనిక ఉత్తరాలన్నీ బయటపెట్టాలి. చూసీ దాచిన అధికారులను ఆ వంతెన కింద, ఆ తెల్లగీతల ముందు నిలబెట్టి మ్యూచియో ఉత్తరాన్ని పైకి చదివించాలి.