పుట్టిన తేదీ చూసి ఎదుగుదలను లెక్కగడతారా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు వరుసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గర పడిందంటే చాలు, పందొమ్మిదేళ్ల కుర్రాడి మీద 'ఇంకా ఎంతో ఎదుగుతాడు' అని, ఇరవై రెండేళ్లవాడి మీద 'ఇంతకు మించి ఏముంటుంది' అని ముద్ర పడిపోతుంది. ఇద్దరి ఆటనూ పక్కపక్కన పెట్టి చూడటం తర్వాతి సంగతి. ముందు చూసేది పుట్టిన తేదీనే. ఇది చిన్న పొరపాటేం కాదు. ఏటా మంచి ఆటగాళ్లను వరుసలో వెనక్కి తోసేస్తున్న తప్పు.

2018 గుర్తుంది కదా. జేలన్ బ్రన్సన్ విలనోవా యూనివర్సిటీకి ఆడి రెండు కాలేజీ టైటిళ్లు గెలిచాడు. ఆ ఏడాది ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే నైస్మిత్ అవార్డు కూడా అతనిదే. అయినా డ్రాఫ్ట్‌లో 33వ స్థానం దాకా ఆగాల్సి వచ్చింది. ఎత్తు తక్కువన్నది ఒక కారణం. అప్పటికే 21 ఏళ్లు, మూడేళ్ల కాలేజీ ఆట, 'అయిపోయిన సరుకు' అన్న భావన రెండో కారణం. ఎన్‌బీఏ తొలి సీజన్‌లో మ్యాచ్‌కు అతని సగటు 9.3 పాయింట్లు. 2023-24లో న్యూయార్క్ తరఫున 28.7. అయిపోయిందన్నవాడు మూడింతలు ఎదిగాడు.

చిన్న వయసువాణ్ని ఎంచుకోవడంలో అసలు తర్కమే లేదని నేను అనను. ఒకే స్థాయి ఆట ఆడుతున్న ఇద్దరిలో చిన్నవాడికి ముందున్న కాలం ఎక్కువ, శరీరం ఇంకా గట్టిపడుతుంది. సగటున చూస్తే ఆ లెక్క నిజమే. కానీ డ్రాఫ్ట్‌లో సగటును ఎవరూ ఎంచుకోరు, ఒక మనిషిని ఎంచుకుంటారు.

ఆ మనిషి గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న, అతను పుట్టి ఎన్నేళ్లయిందని కాదు, బంతి పట్టి ఎన్నేళ్లయిందని. టిమ్ డంకన్ చిన్నప్పుడు ఈతగాడు. 1989లో హ్యూగో తుపాను అతని దీవిలోని కొలనును పాడుచేశాకే బాస్కెట్‌బాల్ వైపు వచ్చాడు. నాలుగేళ్లూ కాలేజీలోనే ఆడి, 1997లో 21 ఏళ్లకు డ్రాఫ్ట్‌కు వచ్చాడు. తర్వాత ఐదు టైటిళ్లు గెలిచాడు. కామెరూన్ కుర్రాడు పాస్కల్ సియాకమ్ టీనేజీ చివర్లో గానీ ఈ ఆటను పట్టించుకోలేదు. 2016లో 22 ఏళ్ల వయసులో 27వ స్థానంలో టొరంటో జట్టుకు వెళ్లాడు. వయసు ప్రకారం పెద్దవాడు, ఆటలో పసివాడు. ఏడేళ్లప్పటి నుంచి అకాడమీల్లో నలిగిన పందొమ్మిదేళ్లవాడి కంటే అతను నేర్చుకోవాల్సింది చాలా మిగిలి ఉంది. మిగిలి ఉండటమంటేనే ఎదిగే చోటు ఉండటం.

రెండోది, లోపం ఎలాంటిదో చూడాలి. కవై లెనార్డ్ కాలేజీలో నాలుగు త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే, మూడు పాయింట్ల షాట్లు) వేస్తే ఒకటి పడేది. ఎన్‌బీఏలో శాన్ ఆంటోనియో జట్టు అప్పటి షూటింగ్ కోచ్ చిప్ ఎంగెలాండ్ అతని షాట్‌ను సరిచేశాక, తొలి సీజన్‌లోనే 37.6 శాతం పడ్డాయి. బంతి వదిలే తీరులో ఉన్న తప్పును దిద్దొచ్చు. ఆట జరుగుతుంటే ఏం చూడాలో తెలియకపోవడాన్ని దిద్దడం చాలా కష్టం. నవంబర్‌లో చేసిన తప్పునే మార్చిలోనూ చేస్తున్నాడా, లేక మధ్యలో ఏదైనా మారిందా? జట్ల కోసం ఆటగాళ్లను వెతికే స్కౌట్లు నాలుగు నెలల వీడియో దగ్గర పెట్టుకుని కూడా ఈ ప్రశ్న వేయకపోతే ఇక ఆ వీడియో ఎందుకు?

ఇక్కడే నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే మాట చెప్పాలి. పొటెన్షియల్, అంటే ఎదిగే సత్తా, ఆటగాడి ఒంట్లో దాక్కున్న వస్తువు కాదు. సగం అతనిది, సగం నేర్పేవాళ్లది. బ్రూక్ లోపెజ్‌కు తొలి ఎనిమిది సీజన్లలో పడిన త్రీ పాయింటర్లు మొత్తం మూడు. 2016-17లో, 28 ఏళ్ల వయసులో, ఒక్క సీజన్‌లోనే 134 పడ్డాయి. అన్నేళ్లూ అతని చేతిలో ఆ నైపుణ్యం లేదనుకోవాలా? నా దృష్టిలో అన్నేళ్లూ వేయమన్నవాళ్లే లేరు. సియాకమ్‌ను టొరంటో తన అనుబంధ జట్టు రాప్టర్స్ 905కు పంపి ఆడించింది. 2017లో ఆ జట్టు టైటిల్ గెలిస్తే ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అతనే. రెండేళ్లకు లీగ్‌లో 'మోస్ట్ ఇంప్రూవ్డ్' అవార్డు, టొరంటోకు ఎన్‌బీఏ టైటిల్. అదే 2013లో మొదటి స్థానంలో ఎంపికైన ఇరవయ్యేళ్ల ఆంథోనీ బెనెట్‌ను చూడండి. నాలుగు సీజన్లలో నాలుగు జట్లు మారి లీగ్ నుంచే వెళ్లిపోయాడు. తప్పంతా అతనిదేనంటే నేను ఒప్పుకోను. ఒకచోట నిలబెట్టి, ఓపిగ్గా నేర్పి చూశాక ఆ మాట అనాలి.

డ్రాఫ్ట్ రాత్రి టీవీలో ఆటగాడి పేరు కింద వయసు వేస్తారు. వేయనివ్వండి. దాని పక్కనే, అతను ఈ ఆట మొదలుపెట్టి ఎన్నేళ్లయిందో కూడా వేయాలి. 2016లో సియాకమ్ పేరు కింద 22 పక్కన పడాల్సిన అంకె సుమారు ఐదు.