పేపరు మన డబ్బుతో నడవాలి, సర్కారు డబ్బుతో కాదు

2020 డిసెంబరు ఆఖర్లో విజయనగరం జిల్లా రామతీర్థంలో బోడికొండ మీద కోదండరాముడి విగ్రహం తల నరికేశారన్న వార్త విన్నాక, వారం పది రోజులు నెల్లిమర్లలో ఒక టీకొట్టు బల్ల మీద ఉన్న పేపర్లన్నీ వరసబెట్టి చదివాను. జనవరి 2న అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు, అప్పటి అధికార పార్టీ ఎంపీ విజయసాయిరెడ్డి ఇద్దరూ ఒకే రోజు కొండకి వచ్చారు, విజయసాయిరెడ్డి కారు అద్దం పగిలింది, అంతే. మర్నాటి నుంచి ఒక పేపరు నిండా రాయి ఎవరు విసిరారన్న గొడవ, ఇంకో పేపరు నిండా పోలీసులు ఎవరి కాన్వాయ్‌ని ఆపారన్న గొడవ. పక్కన కూర్చున్న పెద్దాయన నా చేతిలో పేపరు వైపు చూసి, "ఏటి బాబూ, కారు మీద రాయి గురించి ఇంత రాస్తన్నారు, రాముడి తల ఎవరు నరికారో రాయరేటి?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేను పాతకాలపు ఆలోచనలున్న మనిషిని. గుడి, కుటుంబం, ఊరి కట్టుబాటు ఇవన్నీ నిలబడాలి, ప్రభుత్వం తన హద్దులో తను ఉండాలి అనుకునేవాణ్ని. మావాళ్లలో చాలామంది మీడియా అంతా మనకి వ్యతిరేకం అని తిట్టి ఊరుకుంటారు. నాకు అలా అనిపించదు. జబ్బు డబ్బు దగ్గర ఉంది. పాఠకుడు ఇచ్చే రూపాయలతో పేపరు నడవదు, ప్రకటనలతో నడుస్తుంది, ఆ ప్రకటనలు ఇచ్చేవాళ్లలో ప్రభుత్వం పెద్ద చెయ్యి.

2022లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఎక్కువ సర్క్యులేషన్ ఉన్న పేపరు కొనుక్కోమని ఒక్కో వాలంటీరుకి నెలకి 200 రూపాయలు ఇస్తూ జీవో వచ్చింది. అప్పట్లో రాష్ట్రంలో రెండున్నర లక్షలకి పైగా వాలంటీర్లు, అంటే నెలకి ఐదు కోట్ల పైమాటే. అది అప్పటి ముఖ్యమంత్రి జగన్ కుటుంబ పత్రిక సాక్షికి మేలు చేయడానికేనని ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది, 2023లో సుప్రీంకోర్టు ఆ కేసుని ఢిల్లీ హైకోర్టుకి పంపింది. ఎవరికి మేలు జరిగిందన్నది కోర్టు తేల్చాల్సిన మాట. నా అభ్యంతరం అంతకన్నా ముందే మొదలవుతుంది: నా పన్ను డబ్బుతో ప్రభుత్వం ఎవరి చేతా ఏ పేపరూ కొనిపించకూడదు. రేపు నేను ఓటేసిన పార్టీ చేసినా ఇదే అంటాను.

టీవీల సంగతీ అంతే. రాష్ట్రంలో 2016లో సాక్షి టీవీ ప్రసారాలు ఆగాయి, 2019లో ఏబీఎన్, టీవీ5 ఆగాయి, 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ చాలా చోట్ల రాకుండా పోయాయి. ఎవరు ఆపించారన్న వాదనలు ఎన్నైనా ఉండొచ్చు గానీ, తమకి నచ్చని ఛానెల్ పోయిన రోజున సంబరపడ్డవాళ్లని రెండు వైపులా చూశాను. మన ఇంటి టీవీలో ఏం రావాలో అధికారంలో ఉన్నవాణ్ని బట్టి మారడం అవమానం కాదా?

అన్నింటికన్నా నన్ను బాధపెట్టేది మండల విలేకరి పరిస్థితి. నాకు తెలిసిన ఒక కుర్రాడు నెలంతా తిరిగి రాసినా చేతికొచ్చేది బండి పెట్రోలుకి చాలదు, పైగా సంక్రాంతికి, ఉగాదికి, నాయకుల పుట్టినరోజులకి యాడ్స్ టార్గెట్. రోడ్ల కాంట్రాక్టరు దగ్గరికి, ప్రైవేటు స్కూలు దగ్గరికి, సర్పంచి దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాలి. జనవరిలో యాడ్ ఇచ్చిన కాంట్రాక్టరు వేసిన రోడ్డు మార్చిలో లేచిపోతే ఆ కుర్రాడు ఏ మొహంతో రాస్తాడు? వాడి తప్పని నేను అనలేను. 2023 అక్టోబరులో కంటకాపల్లి దగ్గర రెండు రైళ్లు గుద్దుకున్న రాత్రి మనకి కబురు తెచ్చింది ఇలాంటి కుర్రాళ్లే.

పేపరు పది రూపాయలు చేసి, ప్రభుత్వ యాడ్లు మానేసి, ఈ కుర్రాళ్లకి సరైన జీతం ఇస్తామంటే నేను రేపే చందా కడతాను. అంతవరకు ఒకటి అడగొచ్చు. ఏ పేపరుకి, ఏ ఛానెల్‌కి ఏ నెల ఎంత ప్రకటనల డబ్బు ఇచ్చారో శ్రీకాకుళం, విజయనగరం కలెక్టరేట్ల ముందు బోర్డు రాసి పెట్టమనాలి. ఉపాధి హామీలో మట్టి మోసిన మనిషికి ఎంత కూలి ఇచ్చారో ఊరి గోడ మీద రాయాలని నిబంధన పెట్టారు కదా, కోట్లలో పోయే ఈ డబ్బుకి ఒక్క బోర్డు పెట్టడానికి ఏం అడ్డం?