అడ్మిషన్లు పెరిగితే జబ్బు పెరిగినట్టేనా?

రోగి ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు తయారయ్యే డిశ్చార్జి రికార్డు ప్రధానంగా బిల్లు కోసం, ఫైలు కోసం పుట్టినది. వయసు, ఉండే ప్రాంతం, ప్రధాన వ్యాధి, దానికి తోడైన ఇతర జబ్బులు, జరిగిన ఆపరేషన్లు, ఆసుపత్రిలో గడిపిన రోజులు, డబ్బు కట్టింది ఎవరు అన్నవి సాధారణంగా అందులో ఉంటాయి. జబ్బులకు ఐసీడీ కోడ్‌లు (ప్రపంచమంతా వాడే వ్యాధుల వర్గీకరణలోని గుర్తులు) ఉండటంతో లక్షల రికార్డులను ఒకచోట చేర్చి లెక్కపెట్టొచ్చు. సర్వే ఖర్చు ఉండదు, ఎవరి జ్ఞాపకశక్తినీ నమ్ముకోనక్కర్లేదు. ప్రజారోగ్య అధికారులకు వీటి మీద మోజు ఉండటంలో వింత లేదు.

చిక్కల్లా ఆ అంకెలను చదవడంలోనే. అమెరికాలో 2009-2014 మధ్య బిల్లింగ్ కోడ్‌ల ప్రకారం చూస్తే సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) కేసులు ఏటా సుమారు 10 శాతం చొప్పున పెరిగాయి. అవే సంవత్సరాలకు పరిశోధకులు కోడ్‌లను పక్కనపెట్టి రక్తపరీక్షలు, మందులు, అవయవాల పనితీరు వంటి క్లినికల్ వివరాలతో లెక్కిస్తే చెప్పుకోదగ్గ పెరుగుదలే లేదు. రోగులు దాదాపు అంతే, వాళ్లకు రాసే పేరు మారింది. సెప్సిస్ గురించి డాక్టర్లలో అవగాహన పెరిగింది. పైగా తీవ్రమైన కోడ్‌కు ఎక్కువ డబ్బు వచ్చే పద్ధతి ఉన్నచోట కోడింగ్ ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

దీనికి ముందే 1973లో జాన్ వెన్‌బర్గ్, అలన్ గిటెల్సన్ అనే పరిశోధకులు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో టాన్సిల్స్ ఆపరేషన్లను పోల్చి చూశారు. ఒక ప్రాంతానికీ ఇంకో ప్రాంతానికీ పది రెట్లకు పైగా తేడా కనిపించింది. పిల్లల గొంతుల్లో అంత తేడా ఉండదు కదా! తేడా డాక్టర్ల అలవాట్లలో ఉంది.

అలాగని ఈ డేటాను పక్కన పడేయమనడం లేదు. నా దృష్టిలో దీని అసలు బలం జబ్బులను లెక్కపెట్టడంలో కన్నా, ఆసుపత్రి బయట ఏది విఫలమైందో చూపించడంలో ఉంది. ఆస్తమా, షుగర్ ముదిరి వచ్చే సమస్యలు, హార్ట్ ఫెయిల్యూర్ వంటివి సకాలంలో ప్రాథమిక వైద్యం అందితే చాలావరకు వార్డు దాకా రావు. ఒక ప్రాంతం నుంచి ఇవే పదేపదే వస్తుంటే అక్కడ ఔట్‌పేషెంట్ వైద్యాన్ని అనుమానించాలి. అడ్మిషన్లు తక్కువున్న ప్రాంతమంతా బాగున్నట్టు కూడా కాదు. అక్కడివాళ్లకు ఆసుపత్రి చేరే దారే లేకపోవచ్చు.

పేరు బయటపెట్టకుండానే ఫలానా మనిషని గుర్తించే సంఖ్య రికార్డులో లేకపోతే మరో ఇబ్బంది. ఒకే హార్ట్ ఫెయిల్యూర్ రోగి ఏడాదిలో నాలుగుసార్లు చేరితే నలుగురు రోగులైపోతారు.

గాయాల విషయంలో లోపం ఇంకా పెద్దది. తొడ ఎముక విరిగిందని ప్రతి రికార్డూ చెబుతుంది. బండి మీద నుంచి పడ్డారా, బాత్రూమ్‌లో జారారా అన్నది బాహ్య కారణం కోడ్ వేస్తేనే తెలుస్తుంది. బిల్లుకు అది అక్కర్లేనప్పుడు చాలాసార్లు ఖాళీగా వదిలేస్తారు. రోడ్డు సరిచేయాలా, వృద్ధుల ఇళ్లలో పట్టుకునే కడ్డీలు పెట్టించాలా అన్న నిర్ణయానికి కావాల్సింది సరిగ్గా ఆ గడే. కాబట్టి దాన్ని నింపకపోతే రికార్డు పూర్తయినట్టు కాదన్న నిబంధన పెట్టాలి. రికార్డుకు కోడ్‌లు వేసే ఉద్యోగికి ఆ వివరం దొరకాలంటే డ్యూటీ డాక్టరు కేస్ షీటులో ముందుగా ఒక్క వాక్యమైనా రాయాలి.