నలభై ఫ్లాట్లకు ఒక డేటా సెంటర్

మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లు. మెయింటెనెన్స్ ఎవరు కట్టారు, ఎవరు ఎగ్గొట్టారు, మంచినీళ్లు ఎన్నింటికి వదులుతారు, ఈ మూడు ముక్కలు ఇంటర్నెట్‌లో పెట్టడానికి సొంత సర్వర్ ఉండాలని అసోసియేషన్ తీర్మానించింది. ఇంత బరువు ఒక్కరి నెత్తిన పెట్టకూడదు కదా, కమిటీ వేశాం.

మొదటి మీటింగులోనే మూడో ఫ్లోర్ సాఫ్ట్‌వేర్ కుర్రాడు పనిని చాలా మెషీన్లకి పంచి నడిపించే కుబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్ తప్ప వేరే దారి లేదని తేల్చేశాడు. మూడు మెషీన్లు ఉండాలిట, ఒకటి పడిపోతే మిగతా రెండూ అందుకుంటాయిట. మూడూ ఒకే ప్లగ్గు బోర్డుకి పెడతారు కదా సార్, కరెంటు పోతే ఎవరు అందుకుంటారని టీ తెచ్చిన వాచ్‌మన్ అడిగాడు. ఆయన కమిటీ మెంబరు కాదు కాబట్టి ఆ ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కలేదు.

రిటైర్డ్ ఇంజినీరు గారు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి సెకండ్‌హ్యాండ్ రాక్ సర్వర్ బేరమాడి వచ్చారు. రెండు జియాన్ ప్రాసెసర్లు, 64 జీబీ ర్యామ్, అంతా చవకే. కాకపోతే ఆన్ చేస్తే పెళ్లింట్లో జనరేటర్ పెట్టినట్టే, పైగా ఊరికే కూర్చుని 150 వాట్లు తాగినా నెలకి 108 యూనిట్లు. ఏనుగుని ఊరికే ఇచ్చినా మేపేది మనమే.

అరచేతిలో పట్టే బుల్లి కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై మీదా చర్చ జరిగింది. 2012లో 35 డాలర్ల బోర్డుగా వచ్చిన ఆ పేదల దేవుడికి ఇప్పుడు అడాప్టర్, కేసు, ఫ్యాను అంటూ అలంకారాలు చేసేసరికి గుడి కట్టినంత ఖర్చు. లాగ్‌లు, అంటే ఎవరు వచ్చారు ఏం జరిగిందన్న చిట్టా, రాసీ రాసీ దాని ఎస్‌డీ కార్డు అరిగిపోతే అది వేరే.

చివరికి మా ఇంటి అటక మీది లాప్‌టాప్ దిగింది. 4 జీబీ ర్యామ్, ఒక పక్క హింజ్ విరిగింది, కీబోర్డులో ఎంటర్ గట్టిగా గుద్దితేనే పనిచేస్తుంది. కానీ 15 వాట్లు, అంటే నెలకి 11 యూనిట్లు, పైగా కరెంటు పోతే అరగంట ఆగే బ్యాటరీ దాని కడుపులోనే ఉంది. మూత వేస్తే నిద్రపోయేది, సెట్టింగుల ఫైల్లో ఒక్క లైను మారిస్తే ఆ జబ్బూ పోయింది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి డెబియన్, పేజీలు అందించడానికి ఎన్‌జిన్‌ఎక్స్, లెక్కలు దాచడానికి ఎస్‌క్యూలైట్, సైటుకి తాళం గుర్తు రావడానికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్, అన్నీ ఉచితం. సున్నా రూపాయల బిల్లు ఆడిటర్‌కి ఎలా చూపించాలని ట్రెజరర్ గారికి రెండు రోజులు టెన్షన్.

తీరా చూస్తే బయట నుంచి సైటు తెరుచుకోదు. మా ఇంటర్నెట్ వాళ్లది సీజీనాట్, అంటే ఇంటర్నెట్‌లో వీధి మొత్తానికి ఒకే డోర్ నంబరు. సొంత నంబరు కావాలంటే నెలనెలా విడిగా కట్టాలి. లేదా బయట చిన్న వీపీఎస్, అంటే ఎవరి డేటా సెంటర్‌లోనో సర్వర్లో ఒక వాటా, అద్దెకి తీసుకుని, అక్కడి నుంచి వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో మన లాప్‌టాప్ దాకా సొరంగం తవ్వాలి. తవ్వాం. అద్దెకి తీసుకున్నదాంట్లోనే సైటు పెట్టేస్తే సరిపోయేది కదా సార్ అన్నాడు వాచ్‌మన్. ఇదీ మినిట్స్‌లోకి ఎక్కలేదు.

వారం తిరక్కుండానే సైటుకి రోజూ వందల్లో జనం. కమిటీ స్వీట్లు పంచింది. లాగ్ తెరిచి చూస్తే అందరూ డబ్ల్యూపీ, అంటే సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్, లాగిన్ పేజీ తలుపు కొడుతున్న బాట్లు, మనుషులు కాదు, వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు. మా సైటులో వర్డ్‌ప్రెస్సే లేదు. నీళ్ల టైము కోసం మాత్రం జనం ఇప్పటికీ లిఫ్టు పక్కన వాచ్‌మన్ సుద్దతో రాసే బోర్డే చూస్తున్నారు, అందులో చూసే నేనూ సైటులో ఎక్కిస్తున్నాను.

ట్రాఫిక్ ఇంత పెరిగింది కాబట్టి కుబర్నెటీస్ విషయం మళ్లీ చర్చించాలని సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఆదివారం మీటింగు పెట్టించాడు.