నాలుగు మ్యాచ్‌లాడి ఆగిపోతే తప్పెవరిది?

2018 సెప్టెంబరు చివరి వారం. అమెరికాలోని క్లెమ్సన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అప్పటిదాకా ఆడిన నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. అంతకుముందు ఏడాది అదే జట్టును ప్లేఆఫ్ దాకా నడిపించిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపించే ఆటగాడు) కెల్లీ బ్రయంట్‌కు అది ఆఖరి సీజన్. అలాంటి సమయంలో కోచ్ డాబో స్వీనీ ఇకమీద మొదట దిగేది కొత్తగా చేరిన ట్రెవర్ లారెన్స్ అని తేల్చేశాడు. ఆ వారంలోనే బ్రయంట్ జట్టు వదిలేసి వెళ్లిపోయాడు. శనివారం సిరక్యూజ్‌తో మ్యాచ్ సగం కాకముందే లారెన్స్‌కు దెబ్బ తగిలింది. అప్పటిదాకా మూడో నంబరుగా ఉన్న చేజ్ బ్రైస్‌ను దించాల్సి వచ్చింది. ఆ కుర్రాడే 27-23తో జట్టును గట్టెక్కించాడు.

నడిసంద్రంలో పడవ దిగిపోయాడని బ్రయంట్‌ను తిట్టినవాళ్లు చాలామందే. కానీ అతను దిగిపోయింది సరిగ్గా నాలుగు మ్యాచ్‌ల తర్వాత. అయిదో మ్యాచ్‌లో ఒక్క ప్లేకి, అంటే బంతి కదిలి ఆగేదాకా సాగే ఒక్క ఘట్టానికి, మైదానంలో అడుగుపెట్టి ఉంటే కాలేజీ ఆట ఆ ఏడాదితో సరి. ఆగిపోయాడు కాబట్టే 2019లో మిస్సోరి యూనివర్సిటీకి ఆడగలిగాడు. అతనికి ఆ వీలు కల్పించింది అప్పటికి మూడు నెలల కింద వచ్చిన రూలు.

సంగతేమిటంటే, అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ అగ్రశ్రేణి విభాగంలో ప్రతి ఆటగాడికీ ఒక గడియారం తగిలిస్తుంది. కాలేజీలో పూర్తిస్థాయి విద్యార్థిగా చేరిన రోజు నుంచి అయిదేళ్లు. ఆ అయిదేళ్లలో ఆడగలిగేది నాలుగు సీజన్లు. మిగిలిన ఒక ఏడాదే రెడ్‌షర్ట్. ఆ ఏడాది క్లాసులకు వెళ్లొచ్చు, జట్టుతో రోజూ సాధన చేయొచ్చు, స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు. 2018 దాకా ఫుట్‌బాల్‌లో మ్యాచ్ మాత్రం ఒక్కటీ ఆడకూడదు. ఈ పేరు 1937లో నెబ్రాస్కాలో పుట్టిందని చెబుతారు. వారెన్ ఆల్ఫ్‌సన్ అనే కుర్రాడు తన చోట్లో ముందే అనుభవజ్ఞులున్నారని, ఈ ఏడాది సాధనకే పరిమితమవుతానని తనే అడిగాడట. నంబరు లేని ఎర్ర చొక్కా వేసుకుని సాధన చేసేవాడట. ఎప్పుడు ఆగాలో ఆ మొదటి రెడ్‌షర్ట్ తనే నిర్ణయించుకున్నాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ నిర్ణయం కోచ్‌లది.

అప్పటి లోకానికి ఈ ఏర్పాటు సబబుగానే ఉండేది. 1972 దాకా ఫుట్‌బాల్‌లో మొదటి ఏడాది విద్యార్థుల్ని ప్రధాన జట్టులో ఆడనిచ్చేవాళ్లే కాదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఒళ్లు గట్టిపడాలి, జట్టు వ్యూహాలుండే ఆట పుస్తకం వంటబట్టాలి. ఆగినవాళ్లు తర్వాత మెరిశారు కూడా. 2011లో టెక్సస్ ఏ అండ్ ఎంలో ఆడకుండా కూర్చున్న జానీ మాంజియెల్ మరుసటి ఏడాదే కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నాడు. ఆ మరుసటి ఏడాది జేమిస్ విన్‌స్టన్‌దీ అదే కథ. ఒరెగన్‌లో అలాగే ఒక ఏడాది ఆగిన మార్కస్ మారియోటా 2014లో గెలిచాడు.

అయితే ఆ ఏడాది ఎవరి సొత్తు? మన దగ్గర ఇంటర్ అయ్యాక లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు ఒక ఏడాది పెట్టేవాళ్లున్నారు. ఫీజు ఇంటివాళ్లది, ఏడాది పిల్లాడిది, నిర్ణయమూ ఆ ఇంట్లోదే. రెడ్‌షర్ట్‌లో ఏడాది ఆటగాడిది, నిర్ణయం కోచ్‌ది. ‘నీ మంచికే’ అని కోచ్ చెప్పిన మాట కొన్నిసార్లు నిజమే. కొన్నిసార్లు మాత్రం వచ్చే ఏడాది క్వార్టర్‌బ్యాక్ కొరత రాకుండా సరుకు నిల్వ చేసుకోవడం. అప్పట్లో ఆటగాడికి జీతం లేదు. వేరే కాలేజీకి మారితే అక్కడ మళ్లీ ఓ ఏడాది కూర్చోవాల్సి వచ్చేది. ఇక ఎదురు చెప్పేదెలా?

2018 జూన్‌లో వచ్చిన మార్పు ఇదీ: సీజన్‌లో నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా రెడ్‌షర్ట్ పోదు. అంతకుముందు నవంబరులో గాయాలతో జట్టు పలచబడినా కొత్త కుర్రాణ్ని దించడానికి కోచ్‌లు జంకేవాళ్లు, మూడు ప్లేల కోసం ఒక సీజన్ మొత్తం ఖర్చయిపోతుందని. కొత్త రూలును వాళ్లు పండగలా చేసుకున్నారు. వాళ్లు చూసుకోనిది ఒక్కటే. అవి ఏ నాలుగు మ్యాచ్‌లన్నది రూలు చెప్పలేదు. చివరి నాలుగూ కావొచ్చు, మొదటి నాలుగూ కావొచ్చు. కొత్తగా చేరినవాడే ఆగాలనీ లేదు. నాలుగో ఏడాదిలో ఉన్నవాడైనా, అంతకుముందు రెడ్‌షర్ట్ వాడుకోకపోతే ఆగిపోవచ్చు. అదే ఏడాది అక్టోబరులో, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ కూడా తెరుచుకుంది. ఆగిపోయినవాడికి పోవడానికి దారీ దొరికింది.

2019లో హ్యూస్టన్ క్వార్టర్‌బ్యాక్ డెరిక్ కింగ్ వంతు. జట్టు మూడు ఓడి ఒకటి గెలిచిన దశలో, మిగతా సీజన్ ఆడనన్నాడు. వచ్చే ఏడాది ఇక్కడే ఆడతానని చెప్పి, జనవరి వచ్చేసరికి మయామి యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద సంపాదించుకోవడానికి అనుమతి వచ్చాక లెక్కలోకి డబ్బు కూడా దిగింది. 2024లో లాస్ వేగస్‌లోని నెవాడా యూనివర్సిటీ జట్టు మూడుకు మూడూ గెలిచి ఊపులో ఉండగా క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా ఆట ఆపేశాడు. ఇస్తామన్నది ఇవ్వలేదని అతని వైపు మాట. యూనివర్సిటీ దాన్ని ఒప్పుకోలేదు. ఎవరిది నిజమో బయటివాళ్లం తీర్పు చెప్పలేం గానీ, అతను మూడో మ్యాచ్ తర్వాత ఎందుకు ఆగాడో మాత్రం క్యాలెండర్ చూస్తే తెలిసిపోతుంది.

అప్పటి నుంచి విధేయత ఏమైపోయిందని వాపోయే కోచ్‌లను చూస్తే నాకు జాలి కలగదు. ఇన్నేళ్లూ ఆటగాడి ఏడాదిని తమ అవసరానికి పొదుపు చేసినవాళ్లే, అదే ఏడాదిని ఆటగాడు తన అవసరానికి పొదుపు చేసుకుంటే తప్పంటున్నారు. నిజంగా నష్టపోయేది పక్కన ఆడే సహచరులు. సీజన్ మధ్యలో క్వార్టర్‌బ్యాక్ మాయమైతే దెబ్బలు తినేది లైన్‌లో నిలబడే కుర్రాళ్లే. అంచేత అడగాల్సింది ఆటగాడి నైతికతను కాదు. ఆగిపోతే ఒక ఏడాది చేతికొచ్చేలా, ఆడితే అదే ఏడాది చేజారేలా రాసిన రూలును.

ఈ వింతను కోర్టు దాకా తీసుకెళ్లినవాళ్లున్నారు. టెనెసీ బాస్కెట్‌బాల్ ఆటగాడు జకాయ్ జీగ్లర్ నాలుగేళ్లలో నాలుగు సీజన్లు ఆడాడు. బెంచీ మీద ఒక ఏడాది కూర్చున్నవాడికి కాలేజీలో అయిదేళ్లు సంపాదించే వీలుంది, మానకుండా ఆడిన నాకు నాలుగేళ్లేనా అన్నది అతని వాదన. 2025 జూన్‌లో జడ్జి మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించారు. అదే టెనెసీ రాష్ట్రంలో, అంతకు ఆరు నెలల ముందు, వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్ డియెగో పావియా మాత్రం నెగ్గాడు. రెండేళ్ల జూనియర్ కాలేజీలో ఆడిన ఏళ్లను ఈ నాలుగులో కలపకూడదని అతను వేసిన కేసులో మరో జడ్జి 2024 డిసెంబరులో అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చారు. ఆ మరుసటి సీజన్‌లో పావియా వాండర్‌బిల్ట్‌కు రెగ్యులర్ సీజన్‌లోనే పది విజయాలు తెచ్చిపెట్టాడు. ఆ స్కూలు చరిత్రలో ఎన్నడూ లేని సంఖ్య అది. ఒక రూలుకు ఒక్కో జడ్జి దగ్గర ఒక్కో అర్థం వస్తోందంటే, అర్హతను ఇక ఆట తేల్చట్లేదు, లాయర్లు తేలుస్తున్నారు.

మినహాయింపుల సంగతి ఇంకో కథ. సీజన్ మొదటి సగంలో గాయపడి ఆగినవాళ్లకు వైద్య కారణం మీద ఆ ఏడాది తిరిగిస్తారు. ఇది న్యాయమే. కోవిడ్ వచ్చిన 2020 సీజన్‌ను ఎవరి ఖాతాలోనూ వేయలేదు. అదీ సరే. ఇవన్నీ ఒకరి మీదే కలిసొస్తే? క్యామ్ మెకార్మిక్ 2016లో ఒరెగన్‌లో చేరాడు. గాయం మీద గాయం. 2024లో మయామి తరఫున మైదానంలో దిగినప్పుడు కాలేజీలో అది అతని తొమ్మిదో ఏడాది. అతన్ని చూసి నవ్వడం తేలిక. ఆ కాళ్లతో తిరిగొచ్చి ఆడటం తేలిక కాదు.

డాలస్ వైపు తెలుగువాళ్లకు ఈ మాట ఫుట్‌బాల్ కంటే ముందే ఎదురవుతుంది. టెక్సస్‌లో సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్. ఆగస్టులో పుట్టిన పిల్లాణ్ని ఈ ఏడాదే వేద్దామా, ఆపి వచ్చే ఏడాది క్లాసులో పెద్దవాడిగా వేద్దామా అని తల్లిదండ్రులు తలలు పట్టుకుంటారు. ఆపేస్తే దాన్నీ రెడ్‌షర్టింగ్ అనే అంటారు. ఇక్కడైనా నిర్ణయం ఇంట్లోదే.

నా మటుకు నాకు, అయిదేళ్లలో అయిదు సీజన్లు ఇచ్చేసి రెడ్‌షర్ట్‌ను ఎత్తేయడమే మేలనిపిస్తుంది. ఈ ప్రతిపాదన కొన్నేళ్లుగా నలుగుతూనే ఉంది. అప్పుడు ఆగితే వచ్చే లాభం ఉండదు. అయిదో మ్యాచ్ ముందు ఎవరూ వేళ్ల మీద లెక్కేసుకోరు. సీజన్ మధ్యలో పారిపోయేవాడు తన ఏడాదినే పారేసుకుంటాడు. కోచ్‌కు కూడా నవంబరులో ఎవర్ని దించాలన్నా బెంగ లేదు.

దీనికీ ఖరీదుంది. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో కుదిరి, 2025 జూన్‌లో ఆమోదం పొందిన హౌస్ సెటిల్‌మెంట్ ప్రకారం యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బులిస్తున్నాయి. 2025-26లో ఒక్కో యూనివర్సిటీకి పరిమితి 2.05 కోట్ల డాలర్లు. దాంతోపాటే ఫుట్‌బాల్ జట్టులో 105 మందికి మించకూడదన్న హద్దూ వచ్చింది. ఇరవై మూడేళ్లవాడు అయిదో సీజన్‌కు ఉండిపోతే ఆ చోటు ఎక్కడి నుంచో రావాలి. అది వచ్చేది హైస్కూల్ చివరి ఏడాదిలో ఉన్న కుర్రాడి దగ్గర్నుంచే. కోవిడ్ ఏడాది మినహాయింపు తర్వాత అదే జరిగింది. పాతవాళ్లు ఉండిపోయారు, బయట ఎదురుచూసేవాళ్లకు స్కాలర్‌షిప్‌లు దొరకడం కష్టమైంది.

మార్పు ఏ బ్యాచ్ నుంచి మొదలుపెట్టాలన్నది ఇంకా పెద్ద చిక్కు. ఇప్పుడు జట్టులో ఉన్న అందరికీ ఇస్తే ఒక ఏడాది హైస్కూల్ పిల్లలు గేటు బయట నిలబడతారు. కొత్తగా చేరేవాళ్లకే ఇస్తే, నాలుగు సీజన్లూ మానకుండా ఆడిన జీగ్లర్ లాంటివాళ్లు మళ్లీ కోర్టు మెట్లెక్కుతారు. ఈ రెంటిలో ఒకటి తప్పదంటే నేను మొదటిదానికే ఓటేస్తాను. అలా బయట నిలబడే కుర్రాళ్లలో ఒకడు మా ఇంట్లోవాడే అయ్యుంటే ఇంత తేలిగ్గా ఈ మాట అనేవాణ్ని కాదేమో.